ఇరవై నాలుగు క్రాఫ్టుల మధ్య మేమిద్దరం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు అడిగారు. పోటీ పరీక్షల గురించి, ఉద్యోగాల గురించి రాసే అన్నలు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. అందుకని మేమిద్దరం మాకు తెలిసిన సంగతే రాస్తున్నాం. అది సినిమా షూటింగు. చూడ్డానికి వెళ్ళిన షూటింగు కాదు, పనిచేసిన షూటింగు.

పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉన్న మేము ఇప్పుడు హైదరాబాదు మాసాబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్ చదువుతున్నాం. క్లాసు కోసం నాలుగైదు షార్ట్ ఫిల్ములు తీశాం. ఉండేది అయిదుగురం. కెమెరా పట్టేవాడే లైటు పెడతాడు, డైలాగు చెప్పేవాడే టీ తెస్తాడు. అలాంటి మమ్మల్ని మా సీనియర్ ఒకాయన 2025 మే నెలలో ఒక పెద్ద సినిమాకు ఇరవై రోజుల పనిలో చేర్పించాడు. మాలో ఒకరిది దర్శకత్వ శాఖ, మరొకరిది కెమెరా శాఖ. జీతం లేదు. తిండి, దారిఖర్చులు ఇచ్చారు.

ఉదయం 6 గంటలకు కాల్‌షీట్ అంటే 4.30కే కృష్ణానగర్‌లో నిలబడాలి. ఆ వేళకే ఆ రోడ్డు జాతరలా ఉంటుంది. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్‌వాళ్ళు టీ కొట్ల దగ్గర కంపెనీ బండి కోసం ఎదురు చూస్తుంటారు. మొదటిరోజు సెట్లో రెండు వందల మందికి తక్కువ లేరు. అందరూ తిరుగుతున్నారు, ఎవరూ ఎవరికీ అడ్డం రావడం లేదు. ఇరవై నాలుగు క్రాఫ్టులు అని వినడమే గాని ఆ మాటకు అర్థం అప్పుడే తెలిసింది. లైటును లైట్‌మన్ తప్ప ఇంకొకరు ముట్టుకోరు. కుర్చీ జరపాలన్నా సెట్ అసిస్టెంటునే పిలుస్తారు. ఒకరి పని ఇంకొకరు చేస్తే ప్రమాదం, పైగా ఒకరి కూలి పోతుందని ఒక లైట్‌మన్ పెద్దాయన మాకు చెప్పాడు.

చిన్నవిగా కనిపించే పనులే పెద్దవని అక్కడ తెలుసుకున్నాం. క్లాప్ బోర్డు మీద సీన్, షాట్, టేక్ నంబర్లు రాస్తారు. రెండు చెక్కలు కలిసిన ఫ్రేమును, టక్కుమన్న చప్పుడును జతచేసి ఎడిటింగులో బొమ్మనూ మాటనూ కలుపుతారు. కంటిన్యుటీ చూసేవాడికి, భోజనానికి ముందు చొక్కా చెయ్యి ఎన్ని మడతలుందో, గ్లాసులో నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో గుర్తుండాలి. ఫోకస్ పుల్లర్ నటుడి కంటికీ కెమెరాకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, నటుడు కదిలిన కొద్దీ ఆ దూరాన్ని వేళ్ళతో వెంబడిస్తాడు. సాయంత్రం మెమరీ కార్డులోని దృశ్యాలను రెండు మూడు హార్డ్ డిస్కులకు ఎక్కించి, సరిచూసుకున్నాకే కార్డు ఖాళీ చేస్తారు.

ఈ పనుల్లో మేము నిలబడగలిగామంటే అది హాస్టల్ చలవే. చీకటితో లేవడం, వంతు కోసం ఓపిగ్గా నిలబడడం మనకు కొత్త కాదు. ముప్పై ట్రంకు పెట్టెల గదిలో కరెంటు పోయినా ఎవరి సబ్బు ఎక్కడుందో చెప్పగలిగిన వాళ్ళం మనం. కంటిన్యుటీకి అంతకన్నా శిక్షణ ఏముంది?

పదో రోజున వెళ్ళేసరికి ప్రభుత్వ హాస్టల్ సెట్ వేసి ఉంది. హీరో చిన్నతనం అక్కడ గడుస్తుందట. ప్లైవుడ్డు గోడలకు పెచ్చులూడినట్టు రంగు వేశారు, నిజం గోడలాగే ఉంది. కాని లోపల వరుసగా ఇనుప మంచాలు, ఒకే రంగు కొత్త పెట్టెలు. ఆర్ట్ అసిస్టెంటు దగ్గరికి వెళ్ళి, "అన్నా, మేం హాస్టల్లో చదివినవాళ్ళం. కింద చాపల మీదే పడుకునేవాళ్ళం. పెట్టెల మీద పేరు, తరగతి, ఊరు రాసుకునేవాళ్ళం" అన్నాం. ఆయన నోటుబుక్కు తీసి, "ఇంకా చెప్పండి తమ్ముళ్ళూ" అన్నాడు. కంచం మీద మేకుతో కొట్టుకున్న పేరు, కిటికీ ఊచలకు కట్టిన తాడు, గోడమీద బొగ్గుతో చేసిన లెక్కలు, అందరికీ కలిపి ఒక్క అద్దం ముక్క, అన్నీ చెప్పాం. రెండు గంటల్లో మంచాలు బయటికి పోయాయి. పెట్టెల మీద ఏ పేర్లు రాయాలని అడిగితే మా బ్యాచ్ వాళ్ళవే చెప్పాం. మిత్రులారా, ఆ సెట్లో మీ పెట్టెలున్నాయి.

మధ్యాహ్నం సీన్ పేపరు వచ్చింది. వీళ్ళు చదువు కోసం కాదు, తిండి కోసమే వస్తారన్న అర్థంలో వంటమనిషి పాత్రకు ఒక నవ్వించే డైలాగు ఉంది. మాలో దర్శకత్వ శాఖలో ఉన్నవాడు ఆ కాగితం కో-డైరెక్టరుకు చూపించి, "సార్, ఈ మాట వద్దు సార్. మేమూ హాస్టల్ పిల్లలమే" అన్నాడు. ఆయన కసురుకోలేదు. రెండుసార్లు చదివి, "రైటరుగారు రాశారు, డైరెక్టరుగారు ఓకే చేశారు. షాట్ రెడీ అయిపోయింది. చెవిలో వేస్తాలే" అన్నాడు. షాట్ మూడు టేకులైంది. సెట్లో చాలామంది నవ్వారు. లైట్‌మన్ పెద్దాయన నవ్వలేదు. ఆయనా ఏడో తరగతి దాకా హాస్టల్లో చదివాడని తర్వాత చెప్పాడు. ఆ మూడు టేకులకూ క్లాప్ కొట్టింది మాలోని వాడే.

పెట్టె మీద పేరు మార్చడానికి ఒక అసిస్టెంటు మంచితనం చాలింది. నోటిమాట మార్చాలంటే మాత్రం ఆ మాట రాసేచోట మనవాళ్ళు ఉండాలి. ఇరవై రోజుల్లో మేము నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే.

అక్కడ భోజనానికి ఒకే బంతి ఉండదు. పెద్ద ఆర్టిస్టులకు కారవాన్‌లోకి క్యారియర్లు, టెక్నీషియన్లకు టేబుళ్ళు, జూనియర్ ఆర్టిస్టులకు విడిగా వరుస. మేము మాత్రం లైట్‌మెన్ పక్కన కూర్చుని తిన్నాం. పని సంగతులు, బతుకు సంగతులు అక్కడే విన్నాం. మూడు నెలల తర్వాత, ఆగస్టులో, తెలుగు సినిమా కార్మికులు 30 శాతం వేతనాలు పెంచాలని సమ్మె చేసినప్పుడు రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. పేపర్లో అది చదువుతుంటే మాకు ఆ పెద్దాయన చేతులే కళ్ళముందు కనిపించాయి.

తమ్ముళ్ళారా, ఈ రంగంలో "మీరు ఎవరి తాలూకు?" అని ముందుగా అడుగుతారు. మనకు ఏ తాలూకూ లేదు కాబట్టి చదువుకునే రావాలి. ఇంటర్ తర్వాత ప్రవేశపరీక్ష రాసి మా యూనివర్సిటీలో చేరవచ్చు. డిగ్రీ అయ్యాక పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. రెండూ కేంద్ర ప్రభుత్వానివే, రిజర్వేషన్లు ఉన్నాయి. అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే రాయడం మొదలుపెట్టండి. మెస్సు గురించి, స్టడీ అవర్ గురించి, ఆదివారం ఇంటినుంచి వచ్చిన అమ్మ గురించి రాయండి. రాసినవి తీసుకుని సెలవుల్లో హైదరాబాదు రండి. మా గది చిన్నదే గాని, ఇంకో రెండు చాపలకు చోటుంది.

మీ పూర్వ విద్యార్థులు ఇద్దరు