నీరెండలో నాలుగు మజిలీలు

శీతదేశాల వాళ్ళకు ఎండంటే ఎంత మోజో మనం వింటూనే ఉంటాము. ఏడాదంతా కూడబెట్టిన డబ్బు మూట గట్టుకుని, ఆలుమగలు ఎండ కాచే సముద్రతీరాలు వెతుక్కుంటూ వెళతారట. తీరా వెళ్ళి అక్కడ చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే, ఇసుకలో తువ్వాలు పరుచుకుని పడుకోవడం! మనకేమో ఎండ పిలవకుండా వచ్చే చుట్టం. సెలవులు వస్తే చాలు, ఆ చుట్టాన్ని తప్పించుకోవడానికి ఊటీకో అరకుకో పరుగెత్తుతాము. అయితే ఏడాదికి ఒక నెల, పుష్యమాసంలో, మన ఎండ కూడా మర్యాద తెలిసిన మనిషిలా మసలుతుంది. దానికి నీరెండ అని పేరు. ఆ మాటలో నీరూ ఉన్నది, ఎండా ఉన్నది. 2025 సంక్రాంతి సెలవుల్లో మేమిద్దరం ఆ రెండింటి కోసమే జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు తిరిగి వచ్చాము.

"ఇవీ ఒక విహారయాత్రకు వెళ్ళే ఊళ్ళేనా?" అని బంధువులు నవ్వారు. విజయవాడ నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాదు వెళ్ళే వాళ్ళకు డోర్నకల్లు, మహబూబాబాదు, జనగామ అంటే రైలు కిటికీలోంచి కనిపించే పసుపుపచ్చ బోర్డులు. రైలు అక్కడ కాసేపు ఆగుతుంది. మనం మాత్రం ఆగము. ఈసారి ఆగుదామన్నది మా ఆవిడ. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: రోజుకు రెండు చోట్లకు మించి చూడకూడదు, చూచిన చోట తీరికగా కూర్చోవాలి. గంట గంటకూ గంట కొట్టే కాలేజీలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు, కూర్చోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే అయింది.

జనగామ పక్కనే, హైదరాబాదు-వరంగల్ రోడ్డు మీద, పెంబర్తి ఉన్నది. ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే విశ్వకర్మల ఊరు. ఆలయాల వాహనాలకూ తలుపులకూ తొడుగులు వీరి చేతి పనే. నిజాముల కాలంలో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు చేశారు. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద అతికించి, గీసుకున్న గీత వెంబడి ఉలితో చిన్న చిన్న దెబ్బలు వేసుకుంటూ పోతారు. దెబ్బ ఒక వీసమెత్తు ఎక్కువైతే రేకు చిరుగుతుంది, తక్కువైతే ఆకు లేవదు. నెమలి తోకలో ఒక్క ఈక లేవడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామని కూర్చున్నాము. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"మీ అబ్బాయి కూడా ఈ పనేనా?" అని అడిగాను.

"లేదు సారూ, పట్నంల కంపెనీల ఉన్నడు. పండుగకు వస్తడు, ఈ చప్పుడుకు నిద్ర పడ్తలేదంటడు" అని పెద్దాయన నవ్వాడు.

నవ్వాడు గాని ఉలి మాత్రం ఆపలేదు. మా ఆవిడ ఒక చిన్న దీపపు కుంది తీసుకుని, చెప్పిన ధర చెప్పినట్లు ఇచ్చేసింది. ఆమె బేరమాడకుండా వస్తువు కొనడం నేను చూడడం అదే మొదలు.

మరునాడు పాలకుర్తి వెళ్ళాము. గుట్ట మీద సోమేశ్వరుడూ లక్ష్మీనరసింహుడూ పక్కపక్క గుహల్లో ఉంటారు. ఈ ఊరే పాల్కురికి సోమనాథుడిదని ఇక్కడి వారి నమ్మకం. మార్గకవిత్వం రాజ్యమేలుతున్న రోజుల్లో ద్విపదను నెత్తికెత్తుకుని, బసవపురాణాన్ని జానుతెనుగులో చెప్పిన మహానుభావుడు. ఇదే పాలకుర్తిలో 1940ల నాటికి మరొకరు, చాకలి ఐలమ్మ, కౌలుకు తీసుకున్న పొలంలో పండిన వడ్లను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా నిలబడింది. ఆంధ్రమహాసభ కార్యకర్తలు ఆ పంటను కోసి ఆమె ఇంటికి చేర్చారు. తరువాత 1946 జూలై 4న, ఇక్కడికి దూరం కాని కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలి కావడంతో తెలంగాణ రైతాంగ పోరాటం రాజుకున్నది. ఐలమ్మ 1985లో పోయింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

పాలకుర్తికి దగ్గరలోనే బమ్మెర. పోతన దున్నిన పొలం ఇదేనని ఒక మడి చూపిస్తారు. పోతన బమ్మెర వాడా, ఒంటిమిట్ట వాడా అని మా శాఖ పండితులు ఎంత వాదులాడుకున్నారో నేను ఆ గట్టు మీద నిలబడి మా ఆవిడకు సవిస్తరంగా చెప్పసాగాను. ఆమె శ్రద్ధగా విన్నది. విని, "అది సరేనండీ, ఈ పొలానికి నీళ్ళెక్కడివి?" అన్నది.

నాలుగు తరాల పండితులకు తట్టని ప్రశ్న! అటు పోతున్న రైతును అడిగితే, "చెరువు నిండితే చెరువు కింద, లేకుంటె బోరు" అన్నాడు. ఆ మాటతో మా ప్రయాణం దారి మారింది. అక్కడి నుంచి కవుల కంటే చెరువుల మీద ఎక్కువ దృష్టి పెట్టాము.

జనగామలో రైలెక్కి, కాజీపేట మీదుగా మహబూబాబాదులో దిగాము. ఊళ్ళో వాళ్ళకు ఇది నేటికీ మానుకోటే. ఊరు దాటితే కళ్ళాల నిండా తొలి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పొలం పొలానికీ ఎర్ర జంపఖానా పరిచినట్లుంది. ఘాటుకు మేము తుమ్ముతుంటే కాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎండ మనకు విహారం. వాళ్ళకు అది కూలి అడగని పనివాడు. ఒక్కరోజు మబ్బు వేస్తే కాయ రంగు దిగుతుంది, రంగు దిగితే ధర దిగుతుంది. ఆకాశం వైపు వాళ్ళు చూచే చూపు వేరు, మేము చూచే చూపు వేరు.

అక్కడికి దగ్గరలో కురవి వీరభద్రస్వామి ఉన్నాడు. భక్తులకు స్వామి, నాకు శాసనం. నన్నయకు ముందే, 10వ శతాబ్దంలో, ముదిగొండ చాళుక్యుల నాటి తెలుగు వచనం కొరవి శాసనంలో ఉన్నది. తెలుగు ఎమ్మే చదివిన వాడెవడైనా ఆ ఊరి పేరు వినగానే ఒకసారి చేతులు జోడించాలి. డోర్నకల్లులో 1939లో పూర్తయిన ఎపిఫనీ కెథీడ్రల్ కూడా చూచాము. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు అజరయ్యగారు కట్టించినది. గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ కలగలిసిన ప్రార్థనాలయం. నీడకోసం వెళ్ళి ఒక గంట ఉండిపోయాము.

బయ్యారం చెరువు దగ్గర మాత్రం ఒక పూటంతా గడిచింది. దీన్ని తవ్వించినది కాకతి గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ. నతవాడి వారింటికి కోడలుగా వెళ్ళిన ఆమె, ఇక్కడి శాసనంలో తన పుట్టింటి వంశక్రమాన్ని వెన్నభూపతి నుంచి చెక్కించింది. తొలి కాకతీయుల పేర్లు వరుస తప్పకుండా చెప్పడానికి చరిత్రకారులకు ఇది పెద్ద ఆధారం. అన్నదమ్ములు కోటలు కట్టుకున్నారు. ఇంటిపేరు ఎవరెవరిదో జ్ఞాపకం పెట్టుకున్నది ఆడపడుచు.

"చూచారా? మీ పురుషులు మరిచిపోతారని తెలిసే రాళ్ళ మీద రాయించింది" అన్నది మా ఆవిడ. కాదనడానికి నా దగ్గర శాసనాధారం లేదు.

గట్టు మీద వెచ్చగా నీరెండ. కింద వరి నాట్లు. కొంగలు నాగలి చాళ్ళకు బదులు ట్రాక్టరు వెనక నడవడం నేర్చుకున్నాయి.

నర్సంపేట మీదుగా బస్సులో భూపాలపల్లి జిల్లాకు చేరాము. 2016లో ఏర్పడిన ఈ జిల్లాకు ఆచార్య జయశంకర్ పేరు పెట్టారు. రామప్ప గుడి కూడా ఇక్కడిదే అనుకునేరు. 2019లో ములుగు వేరు జిల్లా కావడంతో అది అటు వెళ్ళింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు యాత్రికుల తాకిడి పెరిగింది. ఆ జనంలో పదో వంతయినా ఘనపురం కోటగుళ్ళకు రారు. మా మట్టుకు అది వరమే. గణపతిదేవుని కాలపు గణపేశ్వరాలయం, దాని చుట్టూ చిన్న గుళ్ళు, అన్నీ కలిపి ఇరవై రెండు. కొన్నిటికి కప్పు లేదు, కొన్నిటికి దేవుడు లేడు. ఏనుగు మీదికి లంఘించిన సింహపు దేహానికి మనిషి తల పెట్టిన ఒక శిల్పం దగ్గర మా ఆవిడ చాలాసేపు నిలబడింది. గుళ్ళతో పాటే పెద్ద చెరువూ ఉన్నది. కాకతీయుల నాటి పద్ధతే అది: ఊరు, గుడి, చెరువు. ఒకదానికొకటి జామీను.

అదే మండలంలో, చెల్పూరులో, 1,100 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్నది. భూపాలపల్లిలో సింగరేణి గనులు. హోటల్లో మా పక్క బల్ల దగ్గర రాత్రి పని దిగి వచ్చిన కార్మికులు ఇడ్లీ తింటున్నారు. రాత్రంతా సూర్యుడు లేని చోట పని చేసి, పగలంతా తలుపులు మూసుకుని నిద్రపోయే వాళ్ళు. ఎండ కోసం యాత్ర వచ్చామని వాళ్ళతో చెప్పడానికి నోరు రాలేదు.

చివరి మజిలీ కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకరు కాళేశ్వరుడు, అనగా యముడు, ఒకరు ముక్తీశ్వరుడు. గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు. ఆ మే నెలలో సరస్వతీ పుష్కరాలకు జనసముద్రం కదిలివచ్చింది గాని, మేము వెళ్ళిన నాడు ఘాటు మీద పట్టుమని పాతికమంది లేరు.

ఇక్కడికి దిగువన మేడిగడ్డ బరాజు. 2019 జూన్‌లో ప్రారంభమైనప్పుడు నిలిచిన నీళ్ళు చూడడానికి ఊళ్ళకు ఊళ్ళు బస్సులు కట్టుకుని వచ్చాయి. 2023 అక్టోబరులో దాని పియర్లు కుంగాయి. కొబ్బరికాయలు అమ్మే ఆవిడ, "నీళ్ళున్నప్పుడు మస్తు గిరాకి అమ్మా. ఇప్పుడు దేవునికోసం వచ్చేటోళ్ళే వస్తున్రు" అన్నది.

మైలాంబ చెరువు ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది, ఇది నాలుగేళ్ళకే కుంగింది అని తేల్చడం నాకు ఇష్టం లేదు. మహానది వేరు, చెరువులోకి వచ్చే వాగు వేరు. తెగిపోయిన కాకతీయ చెరువులు మనకు కనబడవు గనుక నిలిచినవే లెక్కకు వస్తాయి. కాని ఒక తేడా మాత్రం ఉన్నది. చెరువు గట్టుకు ఏటా మట్టి వేసిన చేతులు ఆ నీటి కింద పంట తిన్న చేతులే. ఈ మాట మా ఆవిడతో అంటే, "మరి ఆ కొబ్బరికాయలావిడ ఎవరి గట్టుకు మట్టి వెయ్యాలి?" అన్నది. ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాను.

సాయంత్రం వంతెన దాటి అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచకు వెళ్ళాము. ఎండ ఇసుక మీద ఏటవాలుగా పడుతున్నది. టీ కొట్టతను మమ్మల్ని తెలుగులోనే పలకరించి, అల్లం దంచి టీ పోసి, చిల్లర మాత్రం మరాఠీలో లెక్కపెట్టుకున్నాడు.