రంగు పోయాక మిగిలే గుర్తులు

శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కు నడుమ, పైకప్పు నిండా మొక్కలు పెంచుకున్న భవనం కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ది. సంస్థ వయసు పెద్దది, 1853లో మొదలైంది. బే ఏరియా తెలుగు కుటుంబాలు సెలవురోజున పిల్లల్ని ఇక్కడి అక్వేరియానికి తీసుకొస్తుంటాయి. నాకు కావలసింది మాత్రం ఆ అద్దాల వెనక ఉన్న చేపల నిల్వగది.

అరల నిండా ఆల్కహాల్ సీసాలు. సముద్రంలో ఎర్రగా, పసుపుగా, నీలంగా తిరిగిన చేపలన్నీ సీసాల్లో ఒకటే పాలిపోయిన గోధుమ వన్నెకు తిరిగాయి. వాటి మధ్య నడుస్తుంటే నా మనసంతా ఒక్క చేప మీదే ఉంది. మాల్దీవుల లోతు పగడపు దిబ్బల్లో ఉండే ఫెయిరీ రాస్ అనే ఈ గులాబీ చేపకు 2022లో 'సిర్రిలాబ్రస్ ఫినిఫెన్మా' అని పేరు పెట్టారు. ఫినిఫెన్మా అంటే అక్కడి ధివేహీ భాషలో గులాబీ, ఆ దేశపు జాతీయ పుష్పం.

అది తిరిగేది 40 నుంచి 70 మీటర్ల లోతులో. సరదాగా స్కూబా చేసేవాళ్లకు 40 మీటర్లే హద్దు. అంతకన్నా లోతుకు వెళ్లే శాస్త్రవేత్తలు హీలియం కలిపిన గాలితో, విడిచిన ఊపిరినే శుద్ధిచేసి మళ్లీ అందించే రీబ్రీదర్లతో దిగుతారు. అడుగున ఉండేది కాసేపే, పైకి రావడానికి మాత్రం గంటలు పడుతుంది. చేపకూ కష్టమే. పైకి తెచ్చేకొద్దీ దాని కడుపులోని గాలితిత్తి ఉబ్బిపోతుంది. అందుకే ఈ సంస్థవాళ్లు నీటిలోనే చేపను పెట్టి, ఒత్తిడి తగ్గకుండా పైకి తెచ్చే ఒక గొట్టపు పెట్టె తయారుచేసుకున్నారు. పైకి వచ్చాక రెండు మూడు రోజులపాటు ఒత్తిడిని మెల్లగా దించుతారు. ఒక చేప ప్రాణం కోసం ఇంత ఓపికా అని నాకు గౌరవం కలిగింది.

తెచ్చిన చేప ఏ జాతిదో తేల్చడం మరో పని. మన విశాఖ రేవులో వంజరాన్నీ చందువనూ ఒక్క చూపుతో చెప్పేస్తారు. ఈ లోతు చేపల దగ్గర చూపు చాలదు. ఎర్రటి వెలుగు అంత లోతుకు చేరదు కాబట్టి టార్చి వేస్తే తప్ప ఎరుపు కనిపించదు. చచ్చి సీసాలోకి వెళ్తే ఆ రంగే ఉండదు. రంగుకు సాక్ష్యం తాజాగా ఉన్నప్పుడు తీసిన ఫొటో ఒక్కటే. ఆపైన పొలుసులు లెక్కపెట్టాలి, వీపు రెక్కలోని ఒక్కో ముల్లు ఎత్తూ కొలవాలి, డీఎన్ఏ పోల్చాలి.

ఫినిఫెన్మా చిక్కు ఇక్కడే పడింది. 1983లో ఛాగోస్ దీవుల నుంచి ఒకే ఒక్క పిల్ల చేప ఆధారంగా 'రుబ్రిస్క్వామిస్' అనే జాతిని వర్ణించారు. 1990లలో మాల్దీవుల్లో దొరికిన పెద్ద చేపలను చూసి, ఆ పిల్ల ఎదిగితే ఇలా ఉంటుందనుకున్నారు. ఈ కుటుంబంలో పిల్లల రూపం వేరు, ఎదిగిన మగవాటి సింగారం వేరు కాబట్టి ఆ పొరపాటును నేను తప్పుపట్టను. రెండు చోట్ల చేపలనూ, పిల్లలనూ పెద్దవాటినీ పక్కపక్కన పెట్టి కొలిచాకే రెండు జాతులని తేలింది. ఆ పనిచేసిన బృందంలో మాల్దీవుల శాస్త్రవేత్త అహ్మద్ నజీబ్ కూడా ఉన్నారు. అక్కడి చేపల గురించి అక్కడివాడే శాస్త్రానికి చెప్పగలగడం నాకు ఎంతో సంతోషం.

బాధ ఒక్కటే. ఈ చేపకు పేరు పెట్టేనాటికే అక్వేరియం వ్యాపారులు దీన్ని పట్టి అమ్ముతున్నారు. ఇంకో జాతి పేరు మీద అమ్ముడైన చేప ఏ లెక్కలోనూ విడిగా ఉండదు. ఎన్ని పట్టారో, ఎన్ని మిగిలాయో విడిగా లెక్కించాలంటే ముందు పేరు ఉండాలి.