సర్దుకుపొమ్మనే ముందు

అమెరికాలో మన పాట్‌లక్‌లలో ఇప్పటికీ వినిపిస్తుంది: "కాస్త సర్దుకుపోమ్మా, అతనికి ప్రాజెక్టు టెన్షన్లు." అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కానీ హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయి ఇక్కడ ఉండడమే భర్త హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఆధారపడింది. పాస్‌పోర్టు అతని దగ్గర, బ్యాంకు కార్డు అతని దగ్గర. డ్రైవింగ్ నేర్చుకోనివ్వడు. చెయ్యి చేసుకోకపోయినా ఇదీ హింసే. పైగా "పోలీసులకి చెప్తే నిన్నే ఇండియా పంపేస్తారు" అన్న బెదిరింపు!

భర్త సిటిజనో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే 1994 నాటి చట్టం కింద అతనికి తెలియకుండానే ఆమె సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. హెచ్4కి ఆ దారి లేదు. నేరానికి బలైనవాళ్లకిచ్చే యూ వీసా ఉంది గానీ, ఏడాదికి పదివేలే. అందుకే ముందు ఇమిగ్రేషన్ లాయరు, తర్వాతే మన సలహాలు.

ఇలాంటి ఆడవాళ్లకి సాయం చేసే సంస్థలున్నాయి. న్యూజెర్సీలో 'మానవి' 1985 నుంచీ ఉంది. బే ఏరియాలో 'మైత్రి', హ్యూస్టన్‌లో 'దయ' ఉన్నాయి. జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233, ఇరవై నాలుగు గంటలూ. దుబాసీని అడగొచ్చు. ప్రాణం మీదికొస్తే 911.

ఈ నంబర్లు ఆమెకి వాట్సాప్‌లో పంపకండి, ఆ ఫోన్ అతనూ చూస్తుండొచ్చు. ఎదురుగా, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి.