ట్రంకు పెట్టెలో కాగితం, ఒంట్లో బి.పి.

ఒకనాడు తెనాలిలో ఓ.పి. ముగించి చేతులు కడుక్కుంటున్నాను. రేపల్లె పాసింజరు దిగి వచ్చామంటూ భార్యాభర్తలిద్దరు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన ముఖం ఉబ్బి ఉంది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. అయినా "నమస్తే సార్, గుర్తుపట్టారా?" అంటూ నిటారుగా నిలబడ్డారు. ఆ నిలబడడం చూసే గుర్తుపట్టాను. నేను రేపల్లెలో పనిచేసిన రోజుల్లో నా దగ్గరికి వచ్చే హవల్దారు గారు. వాళ్ళ ఊళ్ళో అందరికీ ఆయన 'మిలటరీ బాబాయి'.

1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు ఆయన మంచుకొండల్లో ఉన్నారు. ఆ తరువాతే బి.పి. బయటపడింది. 2001లో పెన్షనుతో ఇంటికి వచ్చారు. 2004 నుంచి రెండు మూడేళ్ళు నా దగ్గర బిళ్ళలు వాడారు. "ఇది నాకు సైన్యంలోనే మొదలైందండీ" అని చాలాసార్లు చెప్పారు. నేను "సరేలెండి, ఉప్పు తగ్గించండి" అని, చీటీ మీద "బి.పి. – బిళ్ళలు 30" అని రాసి పంపేవాణ్ణి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, అప్పుడు ఎంత ఉంది అన్నది ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. తరువాత నాకు బాపట్ల బదిలీ అయింది. ఆయన సంగతి మరిచిపోయాను.

ఇప్పుడు చూస్తే బి.పి. 190/110. మూత్రంలో ప్రోటీను పోతోంది. రక్తంలో క్రియాటినిన్ 4.2. అంటే మూత్రపిండాలు చాలా భాగం దెబ్బతిన్నాయన్నమాట.

"బిళ్ళలు ఎప్పుడు మానేశారు?" అని అడిగాను.

"తలనొప్పి తగ్గిపోయింది కదా అని మానేశాను సార్."

"మోకాళ్ళ నొప్పులకి మటుకు రోజూ షాపులో బిళ్ళ తెచ్చుకుని వేసుకుంటారు బాబుగారూ, పదేళ్ళ నుంచీ" అన్నది ఆవిడ.

ఈ రెండు వాక్యాలలోనే ఆయన జబ్బు కథంతా ఉంది. బి.పి.కి చాలామందిలో ఏ బాధా ఉండదు. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకుని మందు మానేస్తారు. లోపల మూత్రపిండాలలోని సన్నని రక్తనాళాలు ఏళ్ళ తరబడి దెబ్బతింటూనే ఉంటాయి. దానికి తోడు రోజూ వేసుకునే నొప్పి బిళ్ళలు మూత్రపిండాలకు రక్తం అందకుండా చేస్తాయి. సైన్యంలో పనిచేసి వచ్చినవారిలో మోకాళ్ళూ నడుమూ అరిగినవారు ఎక్కువ. వారు ఈ మాట జ్ఞాపకం పెట్టుకోవాలి.

పరీక్షలయ్యాక ఆవిడ ప్లాస్టిక్ సంచిలోంచి కొన్ని కాగితాలు తీసి బల్లమీద పెట్టింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ ఇంట్లోకి నీళ్ళు వచ్చాయట. ట్రంకు పెట్టె తడిసిపోయింది. ఈ కాగితాలు మాత్రం ఆవిడ ముందే సంచిలో చుట్టి అటక మీద పెట్టడం వల్ల మిగిలాయి. ఒకటి డిశ్చార్జి బుక్. రెండోది ఇంటికి పంపేముందు సైనిక వైద్యుల బోర్డు ఇచ్చిన కాగితం. అందులో జబ్బు బి.పి. అనీ, వైకల్యం 30 శాతమనీ రాసి ఉంది. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం. ఈ జబ్బు సైనిక సేవవల్ల వచ్చిందీ కాదు, సేవవల్ల ముదిరిందీ కాదు అని దాని అర్థం. ఆ ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి సిపాయిలు దీన్ని 'నానా' అంటారు.

"ఆ మాట చూసి ఇంక అంతే అనుకున్నాను సార్. పైవాళ్ళు రాశాక మనం ఏం చేస్తాం? ఇరవై ఏళ్ళు దాటింది, పెట్టెలో పెట్టేశా" అన్నారాయన.

ఇటువంటి 'పెట్టెలో పెట్టేసిన' కాగితాలు బాపట్లలోనూ తెనాలిలోనూ కొన్ని చూశాను. నేను వకీలును కాను, వైద్యుణ్ణి. అయినా తెలిసినంత వరకు చెబుతాను.

వైకల్యపు పెన్షనుకు ముఖ్యంగా రెండు షరతులు. జబ్బు సేవవల్ల వచ్చి ఉండాలి లేదా సేవవల్ల ముదిరి ఉండాలి. వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. తగాదా అంతా మొదటి షరతు దగ్గరే. 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ఆ కేసులో జబ్బు మూర్ఛ. సైన్యంలో చేర్చుకునేటప్పుడు పరీక్షించి, ఏ జబ్బూ ఉన్నట్టు రాయకపోతే, అతను ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తరువాత వచ్చిన జబ్బుకు సేవతో సంబంధం లేదంటే, లేదని చూపించవలసిన భారం సైన్యానిది, సిపాయిది కాదు. బోర్డు తన అభిప్రాయానికి కారణాలు రాయాలి. ఉత్త 'నానా' సరిపోదు.

శాతం విషయంలో కూడా 2014లో రాం అవతార్ కేసు తీర్పు ఉంది. 20 నుంచి 50 లోపు ఉన్న వైకల్యాన్ని 50గా లెక్కించే సదుపాయం, జబ్బువల్ల మధ్యలో ఇంటికి పంపినవారికే గాక, సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికీ వర్తిస్తుందని అందులో తేల్చారు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం లెక్క. చివరి జీతం 40,000 రూపాయలు అనుకోండి. నూరు శాతానికి 12,000 రూపాయలు, 50 శాతానికి నెలకు 6,000 రూపాయలు. బిళ్ళలకూ పరీక్షలకూ అది చిన్న మొత్తం కాదు. అయితే 2023 సెప్టెంబరు 21 తరువాత ఇంటికి వచ్చినవారికి కొత్త నిబంధనలు వచ్చాయి. వారు వాటి ప్రకారమే చూసుకోవాలి.

కాదన్న ఉత్తరం వస్తే ఆరు నెలల లోపల మొదటి అప్పీలు చేసుకోవాలి. అదీ కాదంటే రెండోది. ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ఆంధ్రులకు చెన్నై బెంచి. ఆలస్యమైతే కారణం రాసి మన్నించమని కోరవచ్చు. తీర్పు వారి చేతుల్లోనిది గాని, అడగడం మన చేతుల్లోనే ఉంది.

ఇంకొక పొరపాటు చాలామంది చేస్తారు. సదరం శిబిరంలో ఇచ్చిన శాతం చూపిస్తే సైన్యం పెన్షను ఇస్తుందనుకుంటారు. అది వేరు, ఇది వేరు. సైన్యం పెన్షనుకు సైనిక వైద్యుల బోర్డు శాతమే లెక్క.

కొందరు నా దగ్గరికి వచ్చి "పాత తేదీ వేసి, సైన్యంలోనే వచ్చిందని రాయండి" అంటారు. అలా రాయను. అందరి బి.పి.కీ సైన్యమే కారణం కాదు. తల్లిదండ్రుల నుంచి రావచ్చు. పొగాకూ, క్యాంటీన్ సీసా, మన ఆవకాయా ఎండుచేపల ఉప్పూ అన్నీ కారణాలే. కాని మంచుకొండల మీదా, కాల్పుల మధ్యా, నిద్రలేక, ఇంటికి దూరంగా గడిపిన ఏళ్ళు బి.పి.ని ముదిరిస్తాయన్నది కూడా నిజమే. సైనిక వైద్యుల మార్గదర్శక పుస్తకం సైతం ఈ సంగతిని లెక్కలోకి తీసుకోమంటుంది. రోగి చెప్పినదాన్ని "రోగి ఇలా చెప్పాడు" అని, నేను చూసినదాన్ని "నేను ఇది చూశాను" అని విడివిడిగా రాయడం నా ధర్మం. ఆ పని 2004లోనే చేసి ఉంటే ఆయనకు మూడేళ్ళ సాక్ష్యం చేతిలో ఉండేది.

ఇక వైద్యం సంగతి. మాజీ సైనికుల వైద్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. 2003 ఏప్రిల్ 1న మొదలైంది. ఆయన అంతకుముందే వచ్చేశారు గనుక తనంతట తాను చేరాలి. ఒక్కసారి చందా కట్టాలంటే వెనకాడి ఊరుకున్నారు. పెన్షను ఉన్న సిపాయికీ, భార్యకూ పాలీక్లినిక్‌లో మందులు ఇస్తారు. అవసరమైతే చీటీ రాసి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దగ్గరున్న ఏ ఆసుపత్రికైనా వెళ్ళవచ్చు. అది పథకంలో లేని ఆసుపత్రి అయితే 48 గంటల లోపల పాలీక్లినిక్‌కు కబురు చెయ్యాలి.

సిపాయి సోదరులకు నా సలహాలు ఇవి. డిశ్చార్జి బుక్, బోర్డు కాగితం, పెన్షను ఆర్డరు మూడేసి నకళ్ళు తీయించి ఒకటి మరో ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉంచండి. మనది తుపానుల సీమ. అసలు పోతే మీ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, జబ్బు మొదలైన ఏడూ, చోటూ చెప్పి రాయించుకోండి. బి.పి. బిళ్ళ మీ అంతట మీరు మానవద్దు. రోజుకు ఉప్పు అన్నీ కలిపి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటనివ్వద్దు. నొప్పి బిళ్ళలు షాపులో కొనుక్కోవద్దు. ఏడాదికొకసారి మూత్రంలో ప్రోటీనూ, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి.

హవల్దారు గారికి ఆ రోజు రెండు పేజీల నివేదిక రాసి ఇచ్చాను. గుంటూరులోని సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపాను. ఆయన ఇ.సి.హెచ్.ఎస్.లో చేరారు. మూత్రపిండాల వైద్యుడి దగ్గర మందులు వాడుతున్నారు. డయాలిసిస్ ఇంకా అవసరం పడలేదు. అర్జీ ఇంకా తేలలేదు. క్రితం నెల వచ్చినప్పుడు నా చీటీ తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివి, "తేదీ వెయ్యడం మరిచారు సార్" అన్నారు. వేసి ఇచ్చాను.