వీధిలో కళ్ళు

రేపు కూరగాయలకని బయల్దేరినప్పుడు ఒక పని చేసి చూడండి. ఇంటి గేటు దగ్గర్నుంచి మార్కెట్ దాకా ఎన్ని కళ్ళు మిమ్మల్ని చూస్తున్నాయో లెక్కపెట్టండి. మనుషుల కళ్ళు కాదు, రంగుతో వేసినవి. నేను లెక్కపెట్టాను. కరీంనగర్ మంకమ్మతోటలో మా ఇంటి నుంచి టవర్ సర్కిల్ దాకా నలభై మూడు! కొత్త మేడల మీద వేలాడే దిష్టిబొమ్మలు, కిరాణా కొట్టు ముందు ఉట్టిలో కట్టిన గుమ్మడికాయ, ఆటోల వెనక, లారీల ముందు, గోడల మీద బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్ళు. జంటగా ఉండాల్సిన కళ్ళు బేసి ఎలా అయ్యాయంటారా? కళ్ళద్దాల దుకాణం బోర్డు మీద ఒక్క కన్నే ఉంది మరి.

నా ఫోన్‌లో ఇప్పుడు అలాంటి ఫోటోలు ఆరువందలకు పైనే ఉన్నాయి. మనవడి ఫోటోలకన్నా ఇవే ఎక్కువ. "అత్తమ్మా, ఫోన్ నిండిపోయింది, కొన్ని తీసేద్దామా?" అని మా కోడలు అడిగితే, "వంటల వీడియోలు తీసెయ్యి, కళ్ళు మాత్రం ముట్టుకోకు" అన్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకుంటున్నారు కదూ! చెబుతాను.

2019లో మావారు పోయారు. ఆ తరువాత రెండేళ్ళకు మా మరిది కొడుకు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. తెల్లవారుజామున ముహూర్తం. ఇత్తడి బిందె, కోడలికి చీర పట్టుకుని ముందు రోజు రాత్రే వెళ్ళాను. గడపలకు పసుపు రాశాను, మామిడి తోరణాలు కట్టాను. తీరా ఆవును తోలుకొచ్చే వేళకు చుట్టాల్లో పెద్దావిడ ఒకరు నా మోచెయ్యి మెల్లగా పట్టుకుని, "వదినా, ఏమనుకోకు. జెర పక్కకు నిలబడు. పాలు పొంగినంక వద్దువు గని" అన్నది. కసురుకోలేదు, గొంతు లేపలేదు. అంత నెమ్మదిగా అన్నందుకే నోట మాట రాలేదు.

రోడ్డు దాటి అవతల ఖాళీ ప్లాటులో, ఇసుక కుప్ప పక్కన నిలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే ఆ ఇంటి పైఅంతస్తు నుంచి దిష్టిబొమ్మ వేలాడుతోంది. నల్లటి ముఖం, కోరలు, ఎర్రటి నాలుక, కోడిగుడ్లంత తెల్ల కళ్ళు. ఏ చూపు ఆ ఇంటి మీద పడొద్దని దాన్ని కట్టారో ఆ చూపు నాదేనన్నమాట! ఆ ఇంటికి స్లాబు వేసేటప్పుడు డబ్బు చాలకపోతే, నేనిక వేసుకోని బంగారు గాజులు కుదువబెట్టి సర్దింది కూడా నేనే.

ఏడుపు రాలేదు. చేతులు ఏం చెయ్యాలో తెలియక సంచిలోంచి ఫోన్ తీసి దాని ఫోటో తీశాను. అదే మొదటిది.

ఇంకో మాట చెప్పకపోతే మీతో అబద్ధమాడినట్టే. చాలా ఏళ్ళ కిందట మా అబ్బాయి పదో తరగతి పరీక్షకు బయల్దేరుతుంటే, పక్క వాటాలో ఉండే భర్త పోయిన ఆవిడ ఎదురొచ్చింది. నేను పిల్లవాణ్ణి వెనక్కి పిలిచి, కాళ్ళు కడిగించి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపాను. ఆవిడ చూసింది. తల వంచుకుని సందులోకి తిరిగిపోయింది. ఆనాటి నుంచి మా ఇంట్లో ఎవరూ బయటికెళ్ళడం లేదని చూసుకున్నాకే తను తలుపు తీసేది. అది ఆవిడ మర్యాద అనుకున్నాను గానీ, అలా చేయించింది నేనే అనుకోలేదు. ఇసుక కుప్ప పక్కన నిలబడ్డ రోజున ఆవిడ గుర్తొచ్చింది. ఇల్లు మారి ఎటు పోయిందో కనుక్కోలేకపోయాను.

మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్ళో 2022లో గ్రామసభ కూర్చుని, భర్త పోయిన ఆడదాని గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం వంటివి ఇక ఆపాలని తీర్మానం చేసింది. ఆ వార్త కత్తిరించి దేవుడి గూట్లో పెట్టుకున్నాను.

మళ్ళీ కళ్ళ దగ్గరికొస్తాను. దిష్టి లెక్క ఏమిటో మీకు తెలిసిందే. చెడ్డ చూపు మొదట ఆ వికారపు బొమ్మ మీద పడి అక్కడే ఆగిపోవాలి, ఇంటిదాకా రాకూడదు. నరుని కంటికి నల్లరాయైనా పగులుతుందని మన పెద్దలు ఊరికే అనలేదుగా! చంటిపిల్లకు బుగ్గన కాటుక చుక్క పెట్టినా, చేలో కర్రకు నల్లకుండ బోర్లించి సున్నంతో కళ్ళు దిద్దినా అదే లెక్క. ఇది మనకొక్కళ్ళకే కాదు. టర్కీలో నీలం గాజుతో కన్ను చేసి గుమ్మాలకు, పిల్లల బట్టలకు తగిలిస్తారు. మాల్టా దీవిలో చేపల పడవల ముందు భాగాన రెండు కళ్ళు వేస్తారు. సముద్రంలో పడవే దారి చూసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది.

మొదట్లో వీధిలో ఫోన్ పట్టుకుని నిలబడాలంటే ఎంత సిగ్గనుకున్నారు! మగవాడు గంటసేపు కూడలిలో నిలబడితే ఎవరూ అడగరు. ఆడది రెండు నిమిషాలు ఆగితే బస్సు కోసమో, ఆటో కోసమో, ఎవరికోసమో అయ్యుండాలి. ఒక కొట్టతను బయటికొచ్చి, "ఏందమ్మా, మున్సిపాలిటోళ్ళా?" అని అడిగాడు. పన్నుకు కొలతలు తీస్తున్నాననుకున్నాడు పాపం. గుమ్మడికాయ ఫోటో అని చెబితే నవ్వి, దానికి అడ్డంగా ఉన్న చిప్స్ ప్యాకెట్ల దండ తనే పక్కకు జరిపాడు.

మీలో ఎవరికైనా ఈ పిచ్చి అంటుకుంటే నాకు తెలిసిన నాలుగు మాటలు. పొద్దున ఎనిమిది లోపల, లేదా సాయంత్రం ఎండ పచ్చబడ్డాక తీయండి. మిట్టమధ్యాహ్నం ఎనామిల్ రంగు మెరిసి కన్ను తెల్లగా చెదిరిపోతుంది. కింద నిలబడి పైకి తీస్తే గడ్డమే వస్తుంది, ఎదురింటి మెట్లెక్కండి. ఇంటివాళ్ళను అడిగి తీయండి. గుళ్ళో మాత్రం పూజారి సరేనంటేనే.

గోడల మీది కళ్ళు వేరే రకం. ఇప్పుడు మన పట్టణాల్లో గోడలకు వేస్తున్న ఆడవాళ్ళ బొమ్మలు చూశారా? ఏపైన ఒళ్ళు, ముదురు రంగు చీర, నుదుట రూపాయంత బొట్టు, తామర రేకుల్లాంటి కళ్ళు. చాలావాటికి మూలం మన జిల్లావాడే, తోట వైకుంఠం గారు. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది కూడా ఆయనకే. తను పుట్టి పెరిగిన పల్లెల్లో చూసిన ఆడవాళ్ళనే జీవితమంతా గీశారు. ఆయన్ను చూసి గోడలకెక్కించిన వాళ్ళ గీతలో ఆ నేర్పు ఉండదనుకోండి. అయినా ఆ కళ్ళు చూస్తే నాకు మా చిన్నమ్మలు, మేనత్తలు కనిపిస్తారు. ఒక్క పట్టింపు మాత్రం ఉంది. అన్ని గోడలు తిరిగినా బొట్టు లేని ఆడది నాకు ఒక్కతీ కనబడలేదు.

లారీ కళ్ళ సంగతి చెప్పాలంటే, మా ఊరి చుట్టూ గ్రానైట్ క్వారీలు, కాబట్టి లారీలకు కొదవ లేదు. బైపాసు మీద ఒక షెడ్డులో పెయింటరు నన్ను కూర్చోబెట్టి మరీ చూపించాడు. ముందు తెల్ల రంగు వేసి ఒక రోజు ఆరనిస్తారు. తడి మీద నలుపు వేస్తే కారి కన్ను ఏడ్చినట్టవుతుందట. ఆ తరువాత నల్లగుడ్డు, చుట్టూ ఎర్ర గీత, రెప్పలు. అన్నీ అయ్యాక సన్న కుంచెతో నల్లగుడ్డులో ఒక తెల్ల చుక్క. "గా సుక్క లేకుంటే సచ్చిన కన్నే, పెద్దమ్మా" అన్నాడు. అతని తండ్రి సినిమా బోర్డులు రాసేవాడట. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, ఈ షెడ్డు మిగిలింది.

ఇక అమ్మవారి కళ్ళు. మాది వెండి తీగ పనికి పేరుపడ్డ ఊరు కదా, బజార్లో వెండి కళ్ళు కూడా దొరుకుతాయి. పోచమ్మ రాయికి పసుపు రాసి ఆ రెండు కళ్ళూ పెట్టగానే రాయి కాస్తా అమ్మవారైపోతుంది. పెద్ద గుళ్ళలో విగ్రహం చెక్కినప్పుడు కూడా కళ్ళు తెరిచేది చివర్లోనే. నేత్రోన్మీలనం అంటారు. ఆ తొలిచూపు తట్టుకోలేమని ఎదురుగా మనుషులు నిలబడరు, అద్దమో ఆవునో చూపిస్తారు. దేవుడి చూపుకూ భయపడి తప్పుకుంటారు, నా చూపుకూ భయపడి తప్పిస్తారు. ఈ లెక్కన నేనేం తక్కువదాన్ని కాదు!

బొమ్మకు కన్ను పెట్టేది దగ్గరగా చూడాలని నిర్మల్ వెళ్ళాను. ఆదిలాబాద్‌లో మా చెల్లెలు ఉంటుంది, ఆ వంకతో. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్ళకు బస్సు టికెట్ లేకుండా అయ్యాక, 2023 డిసెంబరు తరువాత, ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేకుండా చేసిన మొదటి ప్రయాణం అది. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు దాకా పసుపు చేలు. సోన్ దగ్గర గోదావరి దాటితే పత్తి మొదలు. ఆ చేలల్లో నల్లకుండలు కిటికీలోంచి ఎన్ని తీసినా బస్సు కుదుపుకి ఒక్కటీ సరిగ్గా రాలేదు.

నిర్మల్ 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే, ఇప్పుడు వేరే జిల్లా. అక్కడి బొమ్మల చెక్క పొనికి. చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, నునుపు చేసి, ఆరాక రంగులు వేస్తారు. నేను వెళ్ళినచోట పదిమంది పని చేస్తున్నారు. ఒకామె ముందు వరసగా జింకలు, అన్నీ గుడ్డివి. నా వయసే ఉంటుంది. కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్కో జింకకు ఒక్కో కన్ను పెడుతూ పోతోంది. కుడివన్నీ అయ్యాక ఎడమవి.

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అలవాటైపోయింది కదా, ఎక్కడైనా శుభమో ప్రారంభమో అయితే కాళ్ళు వాటంతటవే వెనకడుగు వేస్తాయి. "లోపలికి రావచ్చా అమ్మా? మావారు లేరు. కళ్ళు పెట్టేటప్పుడు నేను చూడొచ్చో లేదో" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

ఆమె తల కూడా ఎత్తలేదు. "మా ఆయన పోయి పన్నెండేండ్లాయె. నేను సూడకపోతే వీటికి కండ్లెవరు వెడ్తరు?" అన్నది. ఆ తరువాత ఒక జింకను నా వైపు తిప్పి, "దగ్గరికొచ్చి సూడక్కా. రెండు కండ్లు సమంగ కూసున్నయా? పొద్దటి సంది సూసి సూసి నాకు అన్నీ ఒక్కతీరే అవుపడుతున్నయ్" అన్నది.

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. "ఎడమది జెర కిందికి దిగింది" అన్నాను భయంభయంగా. ఆమె పరీక్షగా చూసి, "అవు, దిగింది" అని గుడ్డతో తుడిచేసి మళ్ళీ పెట్టింది. ఆ పూట బస్సు వేళ అయ్యేదాకా పక్కన కూర్చుని ముప్ఫై జింకలు చూసిపెట్టాను. అక్కడ ఫోటోలు తీయడమే మరిచిపోయాను. ఒక జింకను కొనుక్కుని తెచ్చుకున్నాను, నేను తప్పు పట్టినదాన్నే.

మొన్న శ్రావణంలో మా మరిది కొడుకు ఇంటివైపు వెళ్ళాల్సి వచ్చింది. ఆ దిష్టిబొమ్మ ఇంకా అక్కడే ఉంది. నాలుగు వానాకాలాలు తడిసి నలుపంతా చారలు కట్టింది, నాలుక ఊడిపోయింది. ఒక కన్ను పూర్తిగా కడుక్కుపోయి రెండోది మాత్రం మిగిలింది. ఖాళీ ప్లాటులో ఎవరో పునాదులు తీశారు. ఆ మట్టిదిబ్బ ఎక్కి ఫోన్ పట్టుకున్నాను. పై నుంచి మా మరిది కోడలు చూసింది.

"పెద్దత్తమ్మా, అక్కడేం చేస్తున్నవ్? చాయ్ పెట్టిన, పైకి రా!" అని పిలిచింది.

"వస్తున్న బిడ్డా, ఒక్క నిమిషం. వెలుతురు పోతది" అన్నాను.