మిడత మళ్ళీ ఎగిరింది!

సినిమాలో కారు లోయలో పడి పేలిపోతుంటే మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. ఆ పడింది మన మోకాలెత్తు కూడా లేని బొమ్మ కారని ఎవరైనా చెబితే మాత్రం ‘ఓస్, ఇంతేనా!’ అనేస్తాం. నన్నడిగితే అసలు మజా అంతా ఆ బొమ్మలోనే ఉంది. 1988లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘ది డెడ్ పూల్’ చూశారా? బాంబు మోసుకుంటూ ఓ బుల్లి రేడియో కంట్రోల్ కారు, క్లింట్ ఈస్ట్‌వుడ్ ఎక్కిన పెద్ద కారుని సాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో పరుగులు పెట్టిస్తుంది. అంతటి హీరోని హడలెత్తించిన ఆ విలన్ ఉండేది దాదాపు మూరెడు!

అలాంటి మూరెడు శాల్తీ ఒకటి లాల్‌దర్వాజాలో మా ఇంటి అలమారా మీద ముప్ఫై ఏళ్ళకు పైగా నిద్రపోయింది. దాన్ని లేపిన కథే ఇది.

జెడ్డా నుంచి వచ్చిన పెట్టె

1987లో మా మేనమామ జెడ్డా నుంచి సెలవు మీద వచ్చాడు. అప్పట్లో గల్ఫ్ నుంచి మనిషి దిగాడంటే గల్లీ గల్లీ అంతా వాకిట్లోనే. టేప్ రికార్డరు, సెంటు సీసాలు, మెత్తటి దుప్పట్లు... వీటి మధ్యన ఓ అట్టపెట్టె. పిల్లల కోసం తెచ్చాడనుకున్నారట అందరూ. కాదు, తన కోసమే తెచ్చుకున్నాడు! జపాన్ టామియా కంపెనీ వారి ‘గ్రాస్‌హాపర్’. అంటే మిడత అన్నమాట. పెట్టెలో కారు ఉండదు, ముక్కలుంటాయి. మూడు రాత్రులు కూర్చుని, పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ, మరమరా బిగించి మామయ్యే దాన్ని తయారుచేశాడట.

నేను పుట్టేటప్పటికే అది అలమారా ఎక్కేసింది. ఏడాదికి ఒక్కరోజు, దసరాకి, ఆయుధపూజనాడు కిందికి దిగేది. స్కూటర్ పక్కన నిలబెట్టి దానికీ కుంకుమబొట్టు పెట్టేవారు. ముట్టుకుంటే మాత్రం వీపు విమానం మోతే!

టామియా వారిది షిజువోకా పట్నం. 1946లో కలప వ్యాపారంతో మొదలై, తర్వాత బొమ్మల తయారీలోకి దిగారు. 1976లో తొలి రేడియో కంట్రోల్ కారు ‘పోర్షే 934’ వచ్చింది. 1979లో ‘రఫ్ రైడర్’, ‘శాండ్ స్కార్చర్’ బగ్గీలు వచ్చాక ఈ కార్లు రోడ్డు దిగి మట్టిలోకి, ఇసుకలోకి వెళ్ళాయి. 1984 నాటి మా మిడత, చేతిలో డబ్బు తక్కువున్న కుర్రాళ్ళ కోసం చేసింది. ఇలాంటి ఎన్నో కార్ల వెనుక ఉన్న షున్‌సాకు టామియా 2025 జూలైలో, తన 90వ ఏట కన్నుమూశారు.

ఎందుకు దింపానంటే...

రెండేళ్ళ క్రితం మామయ్యకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది గానీ కుడిచెయ్యి రాలేదు. పిసకమని డాక్టరిచ్చిన రబ్బరు బంతిని మూలకి విసిరేశాడు. టీవీ పెడితే గోడవైపు తిరిగేవాడు. ‘మోసగాళ్ళకు మోసగాడు’ని లెక్కలేనన్నిసార్లు చూసిన కృష్ణ అభిమాని, కృష్ణ పాట వస్తున్నా తల తిప్పకపోతే ఇంట్లోవాళ్ళకి ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఓ సాయంత్రం మంచమ్మీద పడుకుని అలమారా పైకి చూస్తూ, “అది నడుస్తదారా?” అన్నాడు.

అంతే. మర్నాడే దింపేశాను.

విప్పితే ఏముంది?

పెట్టె విప్పగానే పాత ప్లాస్టిక్ వాసన. తెల్లటి బాడీ పసుపు తిరిగింది, పైకప్పు రెండుగా చీలింది. టైర్లు ఎండిన గారెల్లా గట్టిపడ్డాయి. గేర్లలో గ్రీజు మైనమైపోయింది. నికెల్ కాడ్మియం బ్యాటరీ ఎప్పుడో కాలం చేసింది.

ఇక్కడో చిన్న రహస్యం చెబుతాను, పనికొస్తుంది. జపాన్ స్క్రూల తలమీది ప్లస్ గుర్తు మన మామూలు స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా కూర్చోదు. బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. జపాన్ కొలత స్క్రూడ్రైవర్ విడిగా తెప్పించాల్సిందే.

లోపలి ఏర్పాటు చూస్తే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. అప్పటి కార్లలో వేగం పెంచడానికి ఓ చిన్న సర్వో మోటారు ఇత్తడి మీటని అటూ ఇటూ జరిపేది. నెమ్మదిగా వెళ్ళాలంటే మిగిలిన కరెంటునంతా రెసిస్టర్‌లో వేడిగా తగలేయడమే! ఇప్పుడు ఆ పనిని అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ కంట్రోలర్ క్షణానికి వేలసార్లు కరెంటుని వేస్తూ తీస్తూ చేసేస్తుంది. పాత 27 మెగాహెర్ట్జ్ రేడియోలో అయితే ఒకే క్రిస్టల్ ఉన్న కార్లు రెండు ఒకచోట చేరితే ఎవరి మాట ఏది వింటుందో దేవుడికే ఎరుక. ఈనాటి 2.4 గిగాహెర్ట్జ్ వాటికి ఆ బెడద లేదు.

అదృష్టమేమిటంటే టామియా వారు 2005లో గ్రాస్‌హాపర్‌ని మళ్ళీ విడుదల చేశారు. కాబట్టి టైర్లు, గేర్లు కొత్తవి దొరికాయి. ప్లాస్టిక్ బుష్‌ల బదులు లోపల 5, బయట 11 మిల్లీమీటర్ల బాల్ బేరింగులు వేశాను. 1.2 వోల్టుల సెల్స్ ఆరు కలిపిన 7.2 వోల్టుల కొత్త బ్యాటరీ తెచ్చాను. చిన్న 380 మోటారు తీసి, దీని అన్న ‘హార్నెట్’కి పెట్టే 540 మోటారు బిగించాను. మూడు వ్యాసాలు రాస్తే వచ్చిన పారితోషికం, మూడు పొట్లాల్లో ముగిసింది లెండి!

ఉస్తాద్ చెయ్యి

బాడీ సంగతి? అక్కడ మామయ్యకూ నాకూ పెద్ద పంచాయితీ.

“ఒరిజినల్ ఒరిజినలేరా. నా బండిని ఖరాబ్ చేస్తవా?”

“చీలిన టోపీతో తిప్పుదామా మామా?”

చివరికి ఒప్పందం కుదిరింది. ఛాసిస్‌కి ఒక్క కొత్త రంధ్రం పడకూడదు, తీసిన ప్రతి ముక్కా బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉండాలి.

శాలిబండలో నాకు తెలిసిన ఓ ఉస్తాద్ ఉన్నాడు. సైకిలు నుంచి మిక్సీ దాకా ఏదిచ్చినా బాగుచేస్తాడు. బగ్గీని చేతిలో తిప్పి తిప్పి చూసి, “పరేషాన్ నక్కో, హో జాతా” అన్నాడు. సైకిలు పుల్లలు కత్తిరించి, వంచి, ఇత్తడితో అతికించి పంజరంలాంటి చట్రం చేసిచ్చాడు. పాత రంధ్రాల్లోనే బిగుసుకుంది!

ఇందులో వింతేమీ లేదు. పాతబస్తీ గాలిలోనే ఈ పిచ్చి ఉంది. బహదూర్‌పురాలో సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం చూడండి. 2010లో తెరిచారు. క్రికెట్ బ్యాట్ కారు, బూటు కారు, హ్యాండ్‌బ్యాగ్ కారు... అన్నీ నడిచేవే! 2005లో ఆయన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఆయన పెద్దవి చేస్తే మేం చిన్నది చేశాం, అంతే తేడా.

అందాల సంగతి కూడా వినండి. పంజరం మీద లాడ్ బజార్ లక్కగాజుల వాళ్ళు వాడే అద్దం బిళ్ళలు నాలుగు అతికించాం. కారులో హెల్మెట్ పెట్టుకున్న డ్రైవర్ బొమ్మకి ఎం-సీల్ ముద్దతో కౌబాయ్ టోపీ చేసి పెట్టాను. 1971లో కృష్ణ రాజస్థాన్ ఇసుకలో గుర్రమెక్కాడు కదా, మా డ్రైవరు మిడత ఎక్కాడు!

ఎడమచేతి వాటం

ఇదంతా ఒక ఎత్తు. కుడిచెయ్యి లేవని మనిషి కారు నడిపేదెట్లా?

మామూలు ట్రాన్స్‌మిటర్‌కి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి వేగానికి, ఒకటి మలుపుకి. నాలుగు రాత్రులు ఆలోచిస్తే తట్టింది... విమానాల ట్రాన్స్‌మిటర్! దాని పుల్ల నిలువుగానూ కదులుతుంది, అడ్డంగానూ కదులుతుంది. ఇక్కడ దొరికేవాటిలో ఎడమ పుల్ల నిలువుగా నెట్టిన చోటే ఆగిపోతుంది, దానికి స్ప్రింగు ఉండదు. ఉస్తాద్ మూత విప్పి కుడివైపు స్ప్రింగుని ఎడమకి మార్చాడు. ఇప్పుడు వేలు వదిలితే పుల్ల తనంతట తనే మధ్యకి వస్తుంది, కారు ఆగుతుంది. రిసీవర్‌లో తీగల చోటు మార్చి వేగమూ మలుపూ రెండూ ఆ ఎడమ పుల్లకే అప్పగించాను. ఆటోలకి సీట్లు కుట్టే అతను రెక్సిన్‌తో మెడపట్టీ కుట్టిచ్చాడు.

‘కస్టమ్’ అన్న మాటకి అర్థం నాకు అప్పుడు తెలిసింది. రంగులూ అద్దాలూ ఎవరి కారుకైనా పెట్టొచ్చు. ఈ పుల్ల మాత్రం మా మామయ్య ఒక్కడిదే.

యాక్షన్!

ఓ ఆదివారం పొద్దున్నే, మా వెనక గల్లీ దాటాక ఉన్న ఖాళీ జాగాలోకి మామయ్యని కుర్చీతో సహా తీసుకెళ్ళాం. ఉస్తాద్ వచ్చాడు. పిలవకుండానే పిల్లలొచ్చారు. పట్టీ మెడలో వేసి పుల్ల అందించాను.

మామయ్య బొటనవేలు ఓ నిమిషం వణికింది. కారు కదల్లేదు. నాకు గుండె నోట్లోకొచ్చింది. సాయం చేద్దామని చెయ్యి చాపితే ఉస్తాద్ నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

సర్రుమని దుమ్ము లేచింది!

ఈ బండి వెనక స్ప్రింగులకి ఆయిల్ డ్యాంపర్లు ఉండవు. అందుకే గుంట తగిలితే కుదురుగా దిగదు, ఎగురుతుంది. మిడత అన్న పేరు ఊరికే పెట్టలేదు మరి! ఇటుకముక్క మీంచి ఎగిరి, పల్టీ కొట్టి, సైకిలు పుల్లల పంజరం మీద దొర్లి మళ్ళీ చక్రాల మీదే నిలబడింది. పిల్లలు ఈలలు వేశారు. టోపీ ఊడిపోయిందని నేను పరుగెత్తబోతే, “ఆగురా, ఇంకో టేక్ ఉంది!” అన్నాడు మామయ్య. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో!

కుడిచెయ్యి ఇంకా రాలేదు. రాదేమో కూడా. కానీ మూలనున్న రబ్బరు బంతి మంచమ్మీదకి చేరింది. ఆదివారాలు పొద్దున్న ఆరింటికే నన్ను లేపుతున్నాడు.

ఇప్పుడు కొత్త కోరిక పుట్టింది. మిడతకి జోడీగా ‘హార్నెట్’ కావాలట. అంటే కందిరీగ. 2011లో రామ్ నటించిన సినిమా అయితే సీడీతో సరిపెట్టేవాణ్ణి. ఈ కందిరీగకి ఇంకెన్ని వ్యాసాలు రాయాలో... ఎడిటర్ గారూ, వింటున్నారా?