పెచ్చు ఊడిన చోట

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పింగాణీ, మట్టిపాత్రల గదులు మేడ పైఅంతస్తులో ఉన్నాయి. అక్కడిదాకా ఎక్కేవాళ్లు తక్కువ. నిలువెత్తు అద్దాల బీరువాల నిండా పళ్లాలే, కూజాలే. బొమ్మలు చూసుకుంటూ పోతే కాసేపటికి అన్నీ ఒకటే అనిపిస్తాయి. అందుకని అంచులు చూస్తూ నడిచాను.

హాలండులోని డెల్ఫ్ట్‌లో చేసిన నీలం పూల పళ్లెం ఒకటి, అంచున గోరంత పెచ్చు ఊడింది. తెల్లటి పూత కింద లేత పసుపు మట్టి కనబడుతోంది. పింగాణీ అయితే విరిగినచోటా తెల్లగానే ఉంటుంది. డెల్ఫ్ట్ పళ్లెం మీది తెలుపంతా సీసపు పూతలో తగరపు భస్మం కలిపితే వచ్చినదే. చైనా పింగాణీకి దీటుగా చేయాలని 9వ శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు పట్టిన కిటుకు అది. స్పెయిన్, ఇటలీల మీదుగా ఫ్రాన్సుకూ హాలండుకూ పాకింది. ఆ పూత పాత్రలను ఇటలీలో మయోలికా అనీ, ఫ్రాన్సులో ఫయాన్స్ అనీ అంటారు.

పూత ఒకటే అయినప్పుడు ఏది ఎక్కడిదో తెలిసేదెలా? ఇటలీలోని ఉర్బినోలో 16వ శతాబ్దంలో చేసిన మయోలికా పళ్లెంలో పురాణగాథ అంచులదాకా పరుచుకుని ఉంటుంది. పసుపు, నారింజ, నీలం, ఆకుపచ్చ. కాల్చని పూత పొడిపొడిగా ఉంటుంది, కుంచె ఆనిందో లేదో రంగు పీల్చేస్తుంది. గీత తప్పితే దిద్దుకునే వీల్లేదు. ఒక దేవత వస్త్రపు కుచ్చిళ్ల దగ్గర ఆగి చూశాను, ఎక్కడా చెయ్యి తడబడలేదు. డెల్ఫ్ట్ వాళ్లు తాము వేసిన బొమ్మ మీద పారదర్శకమైన సీసపు పూత ఇంకోటి చల్లేవారు. ఆ తళతళ అందుకే.

ఫ్రెంచి ఫయాన్స్‌లో నాకు దొరికిన ఆనవాలు గులాబీరంగు. పెద్ద బట్టీ వేడికి అది నిలవదు. 18వ శతాబ్దంలో స్ట్రాస్‌బర్గ్ పనివాళ్లు పాత్రను ముందే కాల్చేసి, ఆపైన రంగులద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాల్చేవారు. అలాంటి గులాబీ పువ్వున్న పళ్లాన్ని ఎవరైనా పాత ఉర్బినోది అంటే నమ్మక్కర్లేదు.

కాఫీకి కిందికొస్తే గ్యాంబుల్ రూమ్‌లో స్తంభాలన్నీ మింటన్ కంపెనీ చేసిన పూత మట్టిపనే. ఆ కంపెనీ 1851 లండన్ ప్రదర్శనలో పెట్టిన ‘మజోలికా’ పేరుకే ఇటలీ చుట్టం. అచ్చుతో ఉబ్బెత్తుగా పోసిన ఆకుల మీద రంగుల సీసపు పూతలు: పల్లాల్లో చేరి ముదురుగా, మిట్టల మీద పలచబడి లేతగా. కుంచెపని దాదాపు ఉండదు. నాకు ఉర్బినోనే ఎక్కువ నచ్చింది.